సబ్బు పెట్టె మీది రాత

అక్క చేతులు రెండూ మోచేతుల దాకా మట్టిలో ఉన్నాయి. అందుకని ఫోన్‌ని గడ్డంతో చూపించింది.

"చూడవే. వీళ్ళకేదో పిచ్చి పట్టినట్టుంది. నా మొక్కలన్నీ ఎత్తి అవతల పడేశారు."

మొక్కలు ఎక్కడికీ పోలేదు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో, ఆకుపచ్చ వల కింద, గులాబీలూ చామంతులూ నిమ్మలూ నల్ల సంచుల్లో వరసగా నిలబడి నీళ్ళు కారుస్తున్నాయి. పోయింది ఫోన్‌లో ఉన్న దుకాణం. నిన్నటిదాకా నర్సరీ పేరూ మొక్కల ఫొటోలూ ఉన్నచోట ఇప్పుడొక బూడిద రంగు పలక ఉంది.

చెల్లెలు ఫోన్ అందుకుంది. ఇంట్లో అందరికీ ఆమె చిన్నది. తలలో తెల్ల వెంట్రుకలు కనబడుతున్నా, మేడ మీద గదిలో ఉంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్నా ఆ పేరు ఆమెను వదల్లేదు, ఆమె కూడా వదిలించుకోలేదు. కంప్యూటర్ మీద బొమ్మలూ అక్షరాలూ గీసి, డిజైన్లు అమ్మే ఆన్‌లైన్ బజారులో పెట్టడం ఆమె పని. ఇంట్లో ఎవరి ఫోన్‌కి జబ్బు చేసినా డాక్టరు కూడా ఆమే.

పలక మీద ఇలా ఉంది: "మీ ఫొటోల్లో కనబడుతున్న అక్షరాల రూపం వేరొకరి సొంతం. హక్కుదారు ఫిర్యాదు మేరకు మీ పేజీని ఆపాం. తప్పు ఒప్పుకుంటారా, అభ్యంతరం చెబుతారా?" కింద రెండు మీటలు. ఇంకా కింద, కళ్ళు చికిలించుకుని చూడాల్సినంత సన్నగా, ఆ అక్షరాల పేరు: తొలకరి.

చిన్నది ఫోన్‌ని దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి చదివింది. ఆ పేరు పెట్టింది తనే.

"ఏమంటారే?" అంది అక్క.

"ఫొటోల్లో ఏదో తేడా ఉందంట. నేను చూస్తాలే."

"తేడా ఏముంటుంది? మొక్క, మొక్కకో చీటీ. అంతేగా."

"ఆ చీటీల మీద అక్షరాలంట. అవి వేరేవాళ్ళవంట."

అక్క సంచి నింపడం ఆపింది. "అక్షరాలకి కూడా సొంతదార్లుంటారా?" అని అడిగింది. కోపంగా కాదు. ఆకు వెనక ఎప్పుడూ చూడని పురుగు కనబడితే ఏ గొంతుతో అడుగుతుందో ఆ గొంతుతోనే అడిగింది.

"అక్షరాలకి ఉండరు. వాటి వంపులకి ఉంటారు. ఎవరో ఒకరు కూర్చుని గీస్తారు కదా. వాళ్ళ దగ్గర ఇంకొకళ్ళు కొనుక్కుంటారు. కొన్నాక ఆ వంపులు వాళ్ళవి."

"కొనుక్కుని ఏం చేస్తారు?"

"రాసుకుంటారు."

"మరి వాళ్ళని రాసుకోమను. నేను రాసుకుంటే వాళ్ళకేం తరిగిపోయింది?"

"రాసుకోడానికే కాదక్కా కొనేది. ఇంకొకళ్ళు రాయకుండా ఉండటానికి కూడా."

అవతల గొట్టంతో నీళ్ళు పెడుతున్న బావ అన్నీ విన్నాడు. విననట్టు ఉండటం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"ఎవరో ఆ మహానుభావులు," అన్నాడు. "మీ అక్క రాత చూసి కోళ్ళు కూడా మేం ఇంతకన్నా బాగా కెలుకుతాం అనుకుంటాయి. అలాంటిదాన్ని మాదీ మాదీ అని మీద పడుతున్నారంటే వాళ్ళకోసారి దండం పెట్టాలి."

"మీరు నోరు కట్టేసి గొట్టం వదలండి," అంది అక్క. నవ్వింది కూడా. అయితే నవ్వుతూనే మట్టి చేతిని కొంగు చాటుకి తీసుకుంది. చిన్నది అది చూసింది.

వానలు మొదలైన రోజులవి. జనానికి మొక్కలు నాటాలనే బుద్ధి పుట్టేది ఇప్పుడే, ఎండలు ముదిరాక ఎవరూ ఇటు తొంగి కూడా చూడరు. అక్క నర్సరీకి ఏడాది పొడుగునా తిండి పెట్టేది ఈ కొద్ది రోజులే. వీధిలో పోయేవాళ్ళు కొనేది కొంచెం, ఫోన్‌లో చూసి అడిగేవాళ్ళే ఎక్కువ.

"ఎప్పటికి తెరుస్తారంటావు?" అంది అక్క.

"ఒకటి రెండు రోజుల్లో తెరిపిస్తాను," అంది చిన్నది. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

పైన గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పెద్ద తెర, ముందు గీసుకునే పలక. చిన్నది కూర్చుని చాలాసేపు ఏదీ తెరవలేదు. గీసే పెన్నుని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది. తర్వాత డిజైన్ల బజారులో తన పేజీకి వెళ్ళింది.

తొలకరి అక్కడే ఉంది. బొమ్మ మీద అడ్డంగా ఎర్ర పట్టీ, దాని మీద "పూర్తి హక్కులతో అమ్ముడైంది" అన్న మాట. కొన్నది సబ్బులు చేసే కంపెనీ. అప్పటినుంచి ఆ అక్షరాలు సబ్బు పెట్టెల మీదా బస్సుల వెనకా తిరిగి తిరిగి, చివరికి కింద స్నానాలగదిలోకి కూడా వచ్చి కూర్చున్నాయి. అక్క మొదటిసారి ఆ సబ్బు తెచ్చిన రోజు చిన్నది అన్నం సరిగా తినలేదు. అక్క ఆ అక్షరాల గురించి ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. ఆ తర్వాత చిన్నదానికి ఆ పెట్టెను చూసీ చూడనట్టుండటం అలవాటైపోయింది.

పట్టీ కింద కొన్నవాళ్ళ మెచ్చుకోలు ఉంది. "ఎవరో తీరిగ్గా కూర్చుని మనకోసమే రాసినట్టున్నాయి. చూస్తుంటే మనసుకి హాయిగా ఉంది." దాని కింద చిన్నది జవాబు: "చాలా సంతోషం. మనసుపెట్టి చేశాను." అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఒక్కో అక్షరాన్ని ఎన్నిసార్లు దిద్దిందో ఆమెకే తెలుసు. చెప్పినదాంట్లో తప్పు లేదు, చెప్పకుండా మిగిల్చినదాంట్లో ఉంది.

ఆమె అసలు ఫైలు తెరిచింది. ఈ పనిలో బొమ్మను పొరలు పొరలుగా గీస్తారు. పై పొరను కనబడకుండా చేస్తే కింది పొర బయటికొస్తుంది. చిన్నది ఒక్కో పొరా తీసుకుంటూ పోయింది. నల్లటి నున్నటి అక్షరాలు పోయాయి, వాటి కింద ఎర్ర గీతలు పోయాయి, అన్నిటికన్నా అడుగున ఫొటోలు మిగిలాయి. ప్లాస్టిక్ డబ్బాలు కోసి చేసిన తెల్ల ముక్కలు, వాటి మీద ఆకుపచ్చ రంగుతో అక్క చేతిరాత. గులాబీ. నిమ్మ. చామంతి.

అవి తీసుకున్న రోజు చిన్నది అడగకపోలేదు. "నీ చీటీలు ఫొటో తీసుకోనా, పనికొస్తాయి," అంది. "నీ పనికి పనికొస్తే తీసుకో, నన్నడిగేదేముంది," అంది అక్క. ఆ మాటను చిన్నది ఇన్నాళ్ళూ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నట్టు దాచుకుంది. ఇప్పుడు బయటికి తీసి చూస్తే అంత గట్టిగా కనబడలేదు. దేనికి పనికొస్తాయో అక్కకి చెప్పలేదు కదా.

అమ్మకానికి పెట్టేటప్పుడు బజారువాళ్ళు ఒక గడిలో టిక్కు పెట్టమంటారు. "ఇది ఆసాంతం నా సొంత సృష్టి. ఇందులో ఇంకొకరి పని లేదు." అమ్మేవాళ్ళందరూ దాన్ని చదవకుండానే నొక్కేస్తారు. చిన్నది చదివి మరీ నొక్కింది. ఒకరి నడక చూసి బొమ్మ గీస్తే నడిచినవాళ్ళకి వాటా ఇస్తామా? ఒకరి నవ్వు చూసి గీస్తే? రాయడం కూడా అలాంటిదే కదా, మనిషికి అలవాటుగా వచ్చేది, దాన్ని ఇంకొకరి పని అని ఎలా అంటాం? అప్పట్లో ఈ వాదన ఆమెకి బాగా నచ్చింది. ఇప్పటికీ ఇందులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోతోంది. అదే ఆమెకి వింతగా ఉంది.

ఉండబట్టలేక, తెర మీద బజారువాళ్ళు సహాయం కోసం పెట్టిన కిటికీలో ఒక ప్రశ్న వేసింది. "ఒకరి చేతిరాత చూసి అక్షరాలు తయారు చేస్తే, అవి ఎవరివవుతాయి?"

జవాబు రెప్పపాటులో వచ్చింది. "తయారు చేసినవారివి కావచ్చు. అయితే ఆ చేతిరాత ఎవరిదో వారి అనుమతి ఉండాలి, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. మీరు ఏ డిజైన్ గురించి అడుగుతున్నారో తెలుసుకోవచ్చా?"

చిన్నది తెర మీది ఆ కిటికీ మూసేసింది. ఎవరో చూస్తున్నట్టు గది తలుపు కూడా దగ్గరికి వేసి వచ్చింది.

దారులు రెండే. అభ్యంతరం చెప్పి, ఈ రాత మొదటినుంచీ అక్కదే అని ఈ ఫొటోలు చూపిస్తే అక్క గెలుస్తుంది. గెలిచిన మరుక్షణం బజారువాళ్ళు చిన్నదాన్ని అడుగుతారు, అయితే నువ్వు టిక్కు ఎలా పెట్టావని. ఆమె పేజీ మూసేస్తారు. ఆమెకి పని ఇచ్చేవాళ్ళందరూ ఆ పేజీ చూసే వస్తారు, ఇంకో గుమ్మం ఆమెకి తెలియదు. రెండో దారి తేలిక. తప్పు ఒప్పుకుంటున్నానని అక్క చేత మీట నొక్కించి, కొత్త చీటీలు అచ్చు వేయించి, కొత్త ఫొటోలు పెడితే చాలు. పేజీ తెరుచుకుంటుంది. ఎవరికీ ఏమీ కాదు.

ఎవరికీ ఏమీ కాదు అని ఆమె పైకే అంది. అని, అచ్చు చీటీలకి మామూలు అక్షరాలు వెతకడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే అచ్చు చీటీలు తెచ్చి అక్కకి చూపించింది. తెల్లటి గట్టి అట్ట, నల్లటి నిటారు అక్షరాలు, తడవకుండా పైన మైనపు పూత. అక్క ఒకటి తీసుకుని ఎండలో పెట్టి చూసింది.

"బాగానే ఉన్నాయి," అంది. "మందుల సీసా మీద చీటీల్లా ఉన్నాయి."

"నచ్చలేదా?"

"నచ్చకపోవడమేముంది, పేజీ తెరిస్తే చాలు. ఒక్కటి చెప్పు. నేను ఆ అక్షరాలు ఫోన్‌లో పెట్టకూడదా, అసలు రాయనే కూడదా?"

"అమ్మకానికి వాడకూడదు."

"పాలవాడికి రేపు రావద్దని చీటీ రాస్తే?"

"దానికేం ఫర్వాలేదు."

"మరి ఆ పాలవాడే నా దగ్గర మొక్క కొంటే?"

బావ పకపకా నవ్వాడు. చిన్నదానికి నవ్వు రాలేదు. అక్క మాత్రం నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. చిన్నప్పటినుంచీ అంతే. గడియారం ఎందుకు ఆగిందని ఇంట్లో వాళ్ళు తిడుతుంటే అసలు ఎందుకు నడిచిందో చూద్దామని వెనక మూత విప్పే మనిషి.

ఫొటోలు మార్చాలంటే పాతవి ఏవేవో చూడాలి. చిన్నది పైకి వెళ్ళి, ఫిర్యాదులో వచ్చిన ఫొటోని తెర నిండా పెద్దది చేసింది. చామంతి మొక్క, పక్కన చీటీ. మౌస్ మీద పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

చీటీ మీద సున్నా మూసుకుని ఉంది.

అక్క సున్నా ఎప్పుడూ మూయదు. పైన మొదలుపెట్టి చుట్టూ తిప్పి, ఇంకాస్తలో అందుకుంటుందనగా వదిలేస్తుంది. చిన్నది తొలకరిని తయారు చేసేటప్పుడు ఆ సున్నాని మూసింది, తెరిచి ఉంటే అచ్చులో విరిగినట్టు కనబడుతుందని. చివరి అక్షరం కిందికి జారిపోతుంటే పైకి ఎత్తింది. తలకట్లన్నీ ఒకేలా వంచింది. ఈ చీటీలో సున్నా మూసుకుంది, చివరి అక్షరం జారలేదు, తలకట్టు అదే వంపులో ఉంది. చిన్నది దిద్దిన దిద్దుబాట్లన్నీ అక్క చీటీ మీదికి వచ్చి కూర్చున్నాయి.

పాత ఫొటోని పక్కన పెట్టి చూసింది. ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. అచ్చు వేసిందేమో అనుకుంటే కాదు, కుంచె వెంట్రుకల గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. చేత్తో రాసిందే, అక్క చేత్తోనే. అయితే అక్క చెయ్యి ఎప్పుడు మారింది? ఎందుకు మారింది? తన టిక్కూ, పేజీ మూతా, భయం అన్నీ కాసేపు పక్కకి పోయాయి. ఇది ఎలా జరిగిందో తెలుసుకోకపోతే అన్నం సహించేలా లేదు ఆమెకి.

మధ్యాహ్నం వాన వచ్చిపోయింది. బావ సరుకులు తేవడానికి వెళ్ళాడు. వెనక వసారాలో అక్క గోడకి ఆనుకుని కూర్చుని చీటీలు రాస్తోంది. చుట్టూ డబ్బాలు కోసిన ముక్కలు, ముందు రంగు డబ్బా, మోకాలి మీద ఒక ముక్క.

"మళ్ళీ రాస్తున్నావేంటి? అచ్చు వేయించి ఇచ్చాగా."

"అవి ఫోన్‌లో ఫొటోలకి. ఇవి వీధిలోకి వచ్చే జనానికి. పాలవాడి లెక్కే కదా," అంది అక్క. అంటూనే ఎడం పక్కన ఉన్నదాన్ని చీర కుచ్చిళ్ళ కిందికి తోసింది. దాచడం చేతగాని మనిషి కావడంతో అదొక మూల బయటికి కనబడుతూనే ఉంది.

"ఏంటది?"

"ఏం లేదులే."

చిన్నది వంగి లాగింది. సబ్బు పెట్టె. జాగ్రత్తగా విప్పి, చదును చేసి, అట్ట ముక్క మీద అంటించి ఉంది. అక్షరాలున్న వైపు పైకి ఉంది. ఒక మూల ఆకుపచ్చ రంగు వేలిముద్రలు.

"నవ్వకు," అంది అక్క.

"నవ్వడంలేదు."

"మీ బావకి చెప్పకు. ఆయన నోటికి మేతవుతుంది." కుంచెను డబ్బా అంచుకి తుడిచింది. "ఆ రాత చూడు ఎంత బాగుందో. మరీ అచ్చులా బిగదీసుకుని ఉండదు, అలాగని నా రాతలా కెలికినట్టూ ఉండదు. దుకాణంలో మొదటిసారి చూసినప్పుడు సబ్బు ఎలాంటిదో కూడా చూడలేదు, ఆ పెట్టె కోసమే కొన్నాను. ఎవరు రాశారో గాని, ఆ మనిషిని చూడాలనిపించింది. మనసు బాగుండే మనిషై ఉంటుంది."

చిన్నది పెట్టెను తిరిగి అక్క ముందు పెట్టింది.

"బళ్ళో కూడా పంతులమ్మ నా పలక అందరికీ చూపించేది, ఇలా రాయకూడదు అని చెప్పడానికి. ఇంత వయసొచ్చాక నేర్చుకోవడమేంటని సిగ్గేసింది గాని, రోజూ కాసేపు దీన్ని ముందు పెట్టుకుని రాసుకుంటున్నాను. విచిత్రమేంటంటే తొందరగానే వచ్చింది. చెయ్యి దానంతట అదే పోతుంది. నాలోనూ కాస్త విషయం ఉందని మురిసిపోయాను." మోకాలి మీది ముక్కను తిప్పి చూపించింది. మల్లె అని రాసి ఉంది, తలకట్టు అచ్చం పెట్టె మీది వంపుతో. "అందుకే పట్టుకున్నారు. నిన్న నువ్వు చెప్పినప్పుడే అర్థమైంది నాకు. మీ బావ ముందు ఒప్పుకోలేక ఊరుకున్నాను. వాళ్ళ తప్పేమీ లేదే, నేను నిజంగానే చూసి రాశాను. ఉన్నమాట ఒప్పుకుని రెండు ముక్కలు రాసి పంపు. నాకు ఊరికే మీట నొక్కడం ఇష్టం లేదు, క్షమించమని సరిగ్గా అడగాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మీ బావ వచ్చేలోపు అయిపోవాలి."

చిన్నది పైనుంచి ల్యాప్‌టాప్ తెచ్చి అక్క పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఫిర్యాదుకి జవాబు రాసే పేజీ తెరిచింది. ఇక్కడినుంచి ఏం చేయాలో దారి చూపించినట్టు కనబడుతోంది. అక్క చెబుతుంది, తను కొడుతుంది, పేజీ తెరుచుకుంటుంది. తను అక్క నోట్లో ఏ మాటా పెట్టలేదు. ఇంత తేలిగ్గా బయటపడటం ఎవరికి దొరుకుతుంది?

అక్క కుంచె పక్కన పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పేటప్పటిలా వీపు నిటారుగా పెట్టి చెప్పింది.

"ఈ అక్షరాలు నావి కావు. రాసిందొకరు, వాడుకున్నది నేను. అడక్కుండా తీసుకోవడం తప్పని నాకు తట్టలేదు. నన్ను క్షమించండి." ఆగింది. "బాగుందా? ఇంకో ముక్క చేర్చు. ఆ రాసిన మనిషికి నా తరఫున చెప్పమను, వాళ్ళ రాత చాలా బాగుంటుందని. వాళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో."

చిన్నది వేళ్ళు మీటల మీద ఉన్నాయి. మొదటి నాలుగు వాక్యాలూ కొట్టింది. అయిదోది కొట్టలేకపోయింది.

"కొట్టవేం?"

"అవి నీ అక్షరాలే అక్కా."

"ఏవి?"

"సబ్బు పెట్టె మీదవి. నీ చీటీలు ఫొటో తీసుకున్నాను చూడు. వాటిని చూసే గీశాను. దిద్ది, పేరు పెట్టి, నా పేరుతో అమ్మాను. వాళ్ళు కొన్నది నీ రాతనే."

అక్క నవ్వింది. చెల్లెలు తనని ఊరడించడానికి కథలు చెబుతోందనుకుంది. "పోవే," అంది. చిన్నది అసలు ఫైలు తెరిచి, ల్యాప్‌టాప్‌ని అక్క వైపు తిప్పి, పొరలు ఒక్కొక్కటే తీసింది. నల్లవి పోయాయి. ఎర్ర గీతలు పోయాయి. అడుగున అక్క చామంతి చీటీ, మట్టి మరకతో సహా కనబడింది. మళ్ళీ ఎర్ర గీతలు వేసింది. అవి చీటీ మీది రాత వెంటే సందు తప్పకుండా నడిచాయి. మళ్ళీ నల్లవి వేసింది. సబ్బు పెట్టె.

"ఇంకోసారి చెయ్యి," అంది అక్క.

చిన్నది చేసింది. అక్క ముందుకి వంగి, తెర ముట్టుకోబోయి, వేలికి రంగు ఉందని ఆగింది.

"ఈ సున్నా మూశావే."

"తెరిచి ఉంటే విరిగినట్టుంటుందని."

"నేను ముయ్యను. అక్కడికొచ్చేసరికి కుంచెలో రంగు అయిపోతుంది. మళ్ళీ ముంచడానికి బద్ధకం." కాసేపు చూసింది. "దీన్ని చూసి నేర్చుకునేటప్పుడు ఆ సున్నా ఒక్కటే కష్టమైంది నాకు. మిగతావన్నీ ఊరికే వచ్చాయి."

ఊరికే ఎందుకు వచ్చాయో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అక్క మొహంలో ఏదో వెలిగి, వెలిగినంత వేగంగానే ఆరిపోయింది. చెల్లెలి వైపు తిరిగింది.

"ఇది బాగుంటుందని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"కొన్నవాళ్ళు బాగుందన్నారా?"

"అన్నారు."

"నాకు చెప్పొచ్చుగా."

చిన్నది తిట్లకి సిద్ధపడి ఉంది. వాటా అడిగితే ఇవ్వడానికీ సిద్ధపడి ఉంది. దీనికి మాత్రం సిద్ధపడలేదు. బావ ఎగతాళి చేసిన ప్రతిసారీ తను అక్కడే ఉంది. నవ్వింది కూడా. మేడ మీద ఆ మెచ్చుకోలు మాటలు తెర మీద ఉండగానే కిందికి వచ్చి ఇక్కడ కూర్చుని నవ్వింది. ఒక్క మాట ఖర్చు పెడితే సరిపోయేది.

"అది చెబితే ఇది కూడా చెప్పాల్సి వస్తుందని," అంది చివరికి.

అక్క తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. లేచి, చీర దులుపుకుని, మొక్కల దగ్గరికి వెళ్ళింది. వాన పడి తడిసిన మొక్కలకే మళ్ళీ గొట్టం తిప్పింది. నీళ్ళు పొర్లిపోతున్నా కట్టలేదు.

చిన్నది పీట మీద ఒక్కతే మిగిలింది. తెర మీద అక్క చెప్పిన మాటలు అలాగే ఉన్నాయి. చెరిపేసి మొదటినుంచీ రాద్దామని మొదలుపెట్టింది, చదువుకుంటూ ఆగిపోయింది. ఈ అక్షరాలు నావి కావు. రాసిందొకరు, వాడుకున్నది నేను. అడక్కుండా తీసుకోవడం తప్పని నాకు తట్టలేదు. నన్ను క్షమించండి. మార్చాల్సింది ఒకే ఒక్క మాట. తట్టలేదు అన్నచోట, తట్టింది అని కొట్టింది.

అక్క చెప్పిన అయిదో వాక్యం అప్పుడు చేర్చింది. రాసింది మా అక్క, ఆమె రాత చాలా బాగుంటుంది. కింద, తొలకరిని అమ్మిన మనిషిగా తన సంతకం పెట్టి ఫొటోలు జత చేసింది. "తప్పు ఒప్పుకుంటారా" అన్న మీట వదిలి, అక్క పేజీ తరఫున "అభ్యంతరం" నొక్కి పంపింది. అదే ఉత్తరాన్ని డిజైన్ల బజారుకి పంపింది, సబ్బుల కంపెనీకి పంపింది. పంపుతున్నంతసేపూ భయంగానే ఉంది. గొప్ప పని చేస్తున్నానని ఆమెకేమీ అనిపించలేదు. రేపటినుంచి పని ఎక్కడ దొరుకుతుందో ఆమెకి తెలియదు.

బజారువాళ్ళు ఆలస్యం చేయలేదు. ల్యాప్‌టాప్ మూసేలోపే ఆమె పేజీ మీద బూడిద రంగు పలక వచ్చింది. విచారణ ముగిసేదాకా ఆపాం అని రాసి ఉంది. అక్క పేజీ మీది పలక కూడా అలాగే ఉంది.

గొట్టం చప్పుడు ఆగింది. అక్క తడి కాళ్ళతో వసారాలోకి వచ్చింది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది. పీట దగ్గర నిలబడి తెర వైపు చూసింది.

"పంపావా?"

"పంపాను."

"నా పేరుతోనా?"

"నా పేరుతో."

"నీ పేజీ మూశారా?"

"మూశారు."

అక్క గోడకి ఆనుకుని మెల్లగా కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. వీధిలో బావ ఎవరితోనో బేరమాడుతున్న గొంతు వినబడుతోంది.

"నేను చెప్పిన ఆ చివరి ముక్క పెట్టావా?"

"పెట్టాను."

"ఏదీ, చదువు."

చిన్నది చదివింది. "రాసింది మా అక్క, ఆమె రాత చాలా బాగుంటుంది."

బావ గేటు తీసిన చప్పుడైంది. ఆయన సంచులు మోసుకుంటూ వసారా దాకా వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మొదటిసారిగా ఏ జోకూ వేయకుండా నిలబడిపోయాడు.

"మళ్ళీ చదవవే," అంది అక్క. "ఆయనకి వినబడేలా చదువు."